మేమూ మైనరే, మా సబ్జెక్టూ మైనరే

మేం చిలమకూరోళ్లం. ఎర్రగుంట్ల పక్కన సిమెంటు దుమ్ములో, నాపరాళ్ల నడుమ పెరిగినోళ్లం. మా ఇండ్లల్లో చదువుకు ఒకటే లెక్క: ఎప్పటికి జీతమొస్తాది? మనసు గురించి కూడా ఒక చదువుంటుందని మా పెద్దోళ్లకు చెప్పినోళ్లు లేరు.

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీకి ఒక మేజరు, ఒక మైనరు అనే పద్ధతి 2023-24లో వచ్చింది. మేజరు కామర్సు, కడుపు కోసం. మైనరుగా సైకాలజీ అడిగినాం. "పిచ్చోళ్ల చదువా, బేటా?" అనింది అమ్మీ. "దాంతో ఏ ఉద్యోగమొస్తాది?" అన్నాడు అబ్బా. "చెప్పే సార్లు లేరు, ఉన్నవాటిలో తీసుకోండి" అన్నారు కాలేజీలో. ఆ సబ్జెక్టున్న కాలేజీ కోసం మేం ఇంకా దూరం బస్సెక్కినాం. మాలో ఒక ఆడపిల్ల ఆ దూరం కాడనే ఆగిపోయింది. ఇంట్లో పంపలేదు.

ఎందుకింత పట్టు అని అడుగుతారు. మా వాడల్లో మనసు చెదిరితే సైతాను పట్టిందంటారు. తావీజు కడతారు, దర్గాకు తీసుకపోతారు. దర్గాను మేం తక్కువ చెయ్యం. అక్కడ దొరికే ఓదార్పు ఉత్తది కాదు, దానికోసం హిందువులూ వస్తారు. కానీ 2001 ఆగస్టు 6న తమిళనాడులో, ఏర్వాడి దర్గా ఊళ్లో, మనోరోగుల్ని పెట్టిన ఒక షెడ్డు అంటుకుంది. గొలుసులతో కట్టేసిన 28 మంది కదల్లేక కాలిపోయినారు. దువా ఉండాల, డాక్టరూ ఉండాల. ఇది మనోళ్ల చదువు కాదనేవాళ్లకు ఒక మాట: వెయ్యేండ్ల కిందటనే అబూ జైద్ అల్ బల్ఖీ ఒంటి ఆరోగ్యం, మనసు ఆరోగ్యం రెండూ ఒకే గ్రంథంలో రాసినాడు.

ఇంకో నొప్పి ఉంది. ప్రొద్దుటూరులో అద్దెగదికి పోతే, మా పేరు చెప్పంగానే ఖాళీగా ఉన్న గది నిండిపోతాది. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పం. మనలోనే ఏదో తక్కువుందేమో అనుకుంటాం. లౌకిక మిత్రులారా, మీరు మా ఓట్లు లెక్కబెట్టినారు, రిజర్వేషన్ల శాతం లెక్కబెట్టినారు. ఈ 'అనుకోవడం' ఎవరి లెక్కలోకొస్తాది?

అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి దంపతులు 1940ల్లో నల్లపిల్లల ముందర తెల్లబొమ్మ, నల్లబొమ్మ పెట్టి, ఏది మంచిదని అడిగినారు. చానామంది తెల్లబొమ్మను చూపించినారు. బళ్లల్లో జాతి వేర్పాటు చెల్లదని 1954లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కెన్నెత్ క్లార్క్ పరిశోధననూ పేర్కొనింది. అది చదివిన రోజు మాకు తెలిసింది, మా లోపల గుచ్చుకునేది మా పుట్టుకలోది కాదు, బయటినుంచి వచ్చి దిగబడిందని. దానికి పేరుంది, పుస్తకముంది, కోర్టులో సాక్ష్యంగా నిలబడే బలముంది.

మైనరు చదివితే వైద్యం చేసేటోళ్లం కాం. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే పీజీ చెయ్యాల, శిక్షణ పొందాల, భారత పునరావాస మండలిలో నమోదు కావాల. అంతదాకా పోయేది మాలో ఎందరో చెప్పలేం. కానీ ఇప్పుడు మా వాడలో ఎవరన్నా నెలల తరబడి నిద్రపట్టక కూచుంటే, తాయెత్తుకు ముందు "ఎన్నాళ్ల నుంచి?" అని అడగడం మేం నేర్చుకున్నాం. 2022లో మొదలైన టెలీమానస్ నంబరు 14416 గోడమీద రాసిపెట్టినాం. అమ్మీ కూడా ఆ నంబరు నోటికి నేర్చుకుంది. పక్కింటామెకు చెప్పేదానికంట.