ఎడారికి ముసురు పట్టింది

ఈ నెలలో మస్కట్‌లో ఎవరు ఎదురుపడ్డా అడిగేది ఒకటే: "ఖరీఫ్‌కి వెళ్లొచ్చారా?" కొత్తగా వచ్చిన ఏడాది ఈ మాట వింటే నాకు విత్తనాలు, ఎరువులు గుర్తొచ్చేవి. సెంటు పొలం లేనివాళ్లు కూడా ఖరీఫ్‌కి ఎక్కడికి పోతున్నారో బోధపడేది కాదు. మన వ్యవసాయ శాఖ వాడే ఆ అరబ్బీ మాటకి అసలు అర్థం శరత్కాలం. ఒమన్ దక్షిణాన ధోఫార్‌లో మాత్రం జూన్ 21 నుంచి సెప్టెంబరు 21 దాకా పట్టే ముసురుకి అదే పేరు. దాన్లో తడవడానికే ఈ ప్రయాణాలన్నీ.

ఈసారి మేమూ వెళ్లాం. ధోఫార్‌లోని సలాలా మస్కట్ నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు. విమానం ఉంది, అయినా మావారికి కారే కావాలి. పులిహోర కట్టుకుని బయల్దేరాం. ఆదం, హైమా, థుమ్రైత్... దారంతా చెట్టు లేదు, చేమ లేదు. కిందికి దిగితే పెనం మీద కాలు పెట్టినట్టే. థుమ్రైత్ దాటి కొండ దిగుతుండగా అద్దం మీద నీటి చుక్కలు! 42 డిగ్రీలు చూపించిన మీటరు చూస్తుండగానే 26కి దిగింది. ఆ వెంటనే పొగమంచు. ముందు కారు ఎర్రదీపాలు తప్ప ఏమీ కనపడలేదు. ఇంటి దగ్గర్నుంచి ఆగకుండా మాట్లాడుతున్న మావారు అక్కడ మాత్రం నోరు మెదపలేదు.

మనకి తొలకరి తెచ్చే నైరుతి గాలులే ఇక్కడా. అవి ఒడ్డు దగ్గరి పైనీటిని అవతలికి నెట్టేస్తాయి, అడుగు నుంచి చన్నీళ్లు పైకొస్తాయి. వాటి మీదుగా చల్లబడి వచ్చిన గాలి మబ్బై, కొండలకి ఆనుకుని కదలకుండా కూర్చుంటుంది. వానని పేరే గానీ, ఎవరో తడి తల విదిలించినట్టుండే తుంపర. కొండమీది చెట్లు ఆ మంచుని ఆకులతో పట్టి, బొట్టుబొట్టుగా తమ వేళ్లకే దించుకుంటాయట. అంత చిన్న తుంపరకి ఇంత పచ్చదనం ఎలాగా అన్న నా సందేహం అలా తీరింది.

కువైట్ నుంచి, సౌదీ నుంచి వచ్చిన కుటుంబాలు తడిగడ్డి మీదే తివాచీలు పరిచి, కహ్వా కాఫీ ఫ్లాస్కులు ముందు పెట్టుకుని హాయిగా తడుస్తున్నాయి. వాదీ దర్బాత్‌లో గొడుగు విప్పింది మేమొక్కళ్లమే. "తడిస్తే జలుబు" అని పిల్లల్ని లాగుతుంటే పక్క తివాచీ పెద్దావిడ నన్ను చూసి ఒకటే నవ్వు. గొడుగు ముడిచేశాను.

రోడ్డు పక్క కొట్లలో కొబ్బరిబొండాలు, అరటిగెలలు, బొప్పాయిలు చూస్తే కోనసీమలో దిగినట్టుంది. కాల్చిన రాళ్ల మీద వేసే మద్బీ మాంసం వాసనకి పులిహోర మూట విప్పిన నాథుడు లేడు. ముగ్‌సైల్‌లో బండరాళ్ల బొక్కల్లోంచి సముద్రం ఎగజిమ్మినప్పుడు జనం పెట్టే కేకలు, ఆ హోరుకంటే పెద్దవి.

హఫా బజారులో లుబాన్ బేరమాడాను. మన సాంబ్రాణికి దగ్గరి చుట్టం. లేతాకుపచ్చ రంగుదే మేలిరకం, ధర కూడా అలాగే ఉంది. ఆ బంక కారే చెట్టుకి ఈ ముసురు గిట్టదు, కొండల అవతల పొడినేలే కావాలి. అక్కడి వాదీ దౌకా తోటకి 2000లో యునెస్కో గుర్తింపొచ్చింది.

తిరిగొచ్చాక అనంతపురం ఫోన్ చేసి మామగారికి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "ఏమ్మా, మేమీడ శెనక్కాయ విత్తేకి పదును వాన కోసం చూస్తా కూచుంటే, మీరు ఖరీఫ్ చూసేకి పెట్రోలు పోసుకొని పోయినారా?" అన్నారు.