లేదన్న జవాబు

అబ్బా ఇంతెఖాల్ అయ్యాక మాకు మిగిలిన జాయిదాద్ మూడు నోటుబుక్కులు. బోధన్ శక్కర్‌నగర్‌లో, నిజాం షుగర్స్‌లో చెరకు కాటా దగ్గర ఆయన నౌకరీ. 1937లో ఏడో నిజాం జమానాలో మొదలైన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. అది నడిచిన రోజుల్లో చుట్టుపక్కల క్వార్టర్ల వాళ్లు బిడ్డ షాదీకనో, హజ్‌కనో కూడబెట్టుకున్న పైసలు అబ్బా దగ్గర అమానత్ పెట్టేవాళ్లు. ఎవరిది ఎంత, ఎంత వాపస్ ఇచ్చాడు, అన్నీ ఉర్దూలో రాసుకున్నాడు.

పోయినవాళ్ల ఖర్జ్ తీర్చాకే వారసులకు హిస్సా. అందుకే ఆ లెక్కంతా కంప్యూటర్‌కు ఎక్కించాం. బీటెక్ చదివే మా బిడ్డ జాంగోతో చిన్న వెబ్‌సైట్ తయారుచేసింది. ఈ జాంగో 2003లో అమెరికాలోని కాన్సాస్‌లో, లారెన్స్ జర్నల్-వరల్డ్ అనే అఖ్బార్ ఆఫీసులో పుట్టింది. 2005లో అందరికీ ముఫ్త్‌గా ఇచ్చేశారు. అఖ్బార్‌వాణ్ని కదా, వినగానే ఖుషీ అయింది.

డేటాబేస్‌కు తెలిసిన జబాన్ ఎస్‌క్యూఎల్. మనం రాసేది పైథాన్. నడుమ ఓఆర్‌ఎం అనే తర్జుమాన్ ఉంటుంది. టేబుల్‌ను ఒక క్లాసుగా, ఒక్కో వరుసను ఒక్కో ఆబ్జెక్టుగా చూపిస్తుంది. మనం ‘ఫిల్టర్’ అంటే అది ‘సెలెక్ట్’, ‘వేర్’ అని మార్చి డేటాబేస్‌ను అడిగి జవాబు తెస్తుంది. ఉర్దూ మీడియం బడి నుంచి తెలుగు డిగ్రీకి వచ్చిన నాకు ఈ పని కొత్తగా అనిపించలేదు. బతుకంతా చేస్తున్నదే.

నేను నోటుబుక్కు చదివి వినిపిస్తుంటే సగం బిడ్డ టైప్ చేసింది, సగం మా బామ్మర్ది.

రంజాన్‌కు ముందు ఒక ఖాలా బోధన్‌లో బస్సెక్కి నిజామాబాద్‌లో మా ఇంటికొచ్చింది. “మీ ఖాలూ పైసలు మీ అబ్బా దగ్గర ఉండె బేటా, జర చూడు” అన్నది. ఖాలూ పేరులో ‘గౌస్’ ఉంది. గౌస్ ఉన్న పేర్లన్నీ తెమ్మని అడిగాను. ఖాళీ జాబితా వచ్చింది. “లేదు ఖాలా” అన్నాను. ఆమె చాయ్ సగమే తాగి, సలాం చెప్పి వెళ్లిపోయింది.

ఆ రాత్రి ఇషా నమాజ్ తర్వాత నిద్ర పట్టలేదు. నోటుబుక్కులు తీసి ఒక్కో సఫా తిప్పాను. రెండో దాంట్లో ఉంది. గైన్, వావ్, సే. అబ్బా చేతిరాత. పన్నెండు వేలు. వాపస్ ఇచ్చిన నిశాన్ లేదు. డేటాబేస్‌లోనూ ఉంది, బామ్మర్ది చేతిలో ‘ఘౌస్’ అయి.

బిడ్డను లేపాను. తర్జుమాన్ డేటాబేస్‌ను ఏమని అడిగిందో ప్రింట్ చేసి చూపించింది. నేను రాసిందే హర్ఫ్ తప్పకుండా అడిగింది. దాని ఖసూర్ ఏమీ లేదు. దానికి నా లఫ్జ్ అందింది, నీయత్ అందలేదు. ‘ఐకంటెయిన్స్’ ఇంగ్లీషులో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూడదు. మన గ, ఘ తేడాను మాత్రం చెరపదు. ఉర్దూలో జే, జాల్, జ్వాద్, జోయ్ నాలుగు హర్ఫ్‌లు. తెలుగులోకి వస్తే అన్నీ ఒక్క ‘జ’. ఖాఫ్‌ను ఒకరు ‘క’ అని రాస్తారు, ఒకరు ‘ఖ’ అని. మన పేర్లు రేషన్ కార్డులో ఒకలా, ఓటరు లిస్టులో ఒకలా ఎందుకుంటాయో మీకు చెప్పాలా?

బిడ్డ మనుషులకు ఒక టేబుల్, వాళ్ల పేర్ల రాతలకు ఇంకో టేబుల్ చేసింది. గౌస్, ఘౌస్, గౌసు, అబ్బా రాసిన ఉర్దూ రాత, ఏదైనా ఫారిన్ కీతో అదే మనిషికి చేరుతుంది. రాతల్లో వెతికి మనిషిని తెమ్మన్నాం. రెండు రాతలు కలిసినచోట ఒకే మనిషి రెండుసార్లు వచ్చాడు. ‘డిస్టింక్ట్’ చేర్చాక ఒక్కడయ్యాడు. లేకుంటే అమానత్ రెండింతలు లెక్కకొచ్చేది.

తెల్లారి బోధన్ పోయి మాఫీ అడిగి పైసలు చేతిలో పెట్టాను. “ముఝే మాలూమ్ థా బేటా. మీ అబ్బా రాయకుండ పైసలు పెట్టుకోడు” అన్నది ఖాలా. నోట్లు లెక్కపెట్టలేదు. నోటుబుక్కులో ఆ లైను చదివి వినిపించమన్నది. రెండుసార్లు చదివించుకున్నది.

ఇప్పుడు ఎవరొచ్చినా, జాబితా ఖాళీగా వస్తే “లేదు” అనను. “ఈ రాతతో దొరకలేదు, కూర్చోండి” అని నోటుబుక్కు తీస్తాను.