కందకుర్తి దగ్గర నల్లరాతి నీళ్లు

నిజామాబాద్‌లో బోధన్ బస్సెక్కితే ఖిల్లా గుట్ట చాలాసేపు వెనక కనబడుతూనే ఉంది. అది గ్రానైట్, వానకు అంత తేలిగ్గా కరగదు. నేను చూడబోయే నీళ్లు వేరే రాతిలోంచి వచ్చినవి. గోదావరి త్ర్యంబకంలో పుడుతుంది, మంజీర బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుడుతుంది. ఎక్కువ దారి రెండూ నల్లటి బసాల్టు మీదే నడిచి కందకుర్తిలో కలుస్తాయి. 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా ఆ రాయి.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. రెంజల్ దారిలో ఇప్పుడు చెరకు తక్కువ, వరి ఎక్కువ. ఒక పల్లపు చేను గట్టున మట్టి తెల్లగా పొంగి ఉంటే ఆటో ఆపించాను.

“సౌడు బిడ్డా అది,” అన్నాడు అక్కడున్న పెద్దాయన. “ఎండకాలం పైకొస్తది. ఈ మడి గడతోని బెల్లం వండితే సరిగ గడ్డకట్టకపోతుండె, నాలుకకు ఉప్పుప్పుగ తగుల్తుండె.”

“మరేం చేసేవాళ్లు తాతా?”

“మురుగు కాలువ తియ్యాలె. నీళ్లు పోతేనే ఉప్పు పోతది.”

శాస్త్రం చెప్పేదీ అదే. 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువలు ఈ నేలకు పంటనిచ్చాయి. మురుగు పోయే దారి లేనిచోట భూగర్భజలాన్నీ పైకి లేపాయి. కానీ ఉప్పును పుట్టించింది కాలువ కాదు, రాయి. వాననీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని పలుచటి ఆమ్లమై బసాల్టును కొద్దికొద్దిగా కరిగిస్తుంది. కాల్షియం, మెగ్నీషియం, సోడియం నీళ్లలోకి దిగుతాయి. వానాకాలం వరదలో ఆ లవణం పలచబడుతుంది. వేసవిలో నదికి భూగర్భపు ఊటే ఆధారం, పైగా ఎండ. పెనంలో చెరకురసం చిక్కబడ్డట్టు నీరు చిక్కబడుతుంది. ముందు కాల్షియం సున్నమై విడిపోతుంది, సోడియం మిగిలిపోతుంది. నేలను గట్టిపరిచి పాడుచేసేది ఆ సోడియమే.

ఇదంతా ఒక ఏడాదిలో జరిగే మార్పు. కందకుర్తి రేవులో నిలబడి నేను ఆలోచించింది వేల ఏళ్ల మార్పు గురించి. ఇదే బసాల్టులో, బుల్ఢానా జిల్లాలో, ఉల్క పడి ఏర్పడిన లోణార్ సరస్సు ఉంది. నీరు బయటికి పోయే దారి లేక అది ఉప్పగా, క్షారంగా మారింది. దాని అడుగు బురదలో సుమారు 4,600 నుంచి 3,900 ఏళ్ల కిందటి పొరల్లో, మళ్లీ 2,000 నుంచి 600 ఏళ్ల కిందటి పొరల్లో, నీరు బాగా ఇంకిపోతేనే ఏర్పడే లవణ స్ఫటికాలు దొరికాయి. గోదావరి మొగకు ఎదురుగా బంగాళాఖాతం అడుగునుంచి తీసిన మట్టిలోని ఆకుల మైనం కూడా గత 4,000 ఏళ్లలో ఈ పరీవాహకం ఎండుతూ వచ్చిందనే చెబుతోంది. రుతుపవనం సన్నగిల్లిన ఆ శతాబ్దాల్లో ఇక్కడి వేసవి నీళ్లు ఇప్పటికన్నా ఉప్పగా ఉండేవని నా నమ్మకం.

కాకతీయులు ఊరూరా చెరువులు కట్టించింది ఆ రెండో ఎండు కాలం చివరి శతాబ్దాల్లోనే. బురద పొరల లెక్కనూ చెరువు శాసనాల తేదీలనూ పక్కపక్కన పెట్టి చదవాలని కందకుర్తిలోనే నిశ్చయించుకున్నాను.