నాయన రిసీవర్‌కి గొంతు

అనుమసముద్రంపేటలో మా ఇంట్లో ఒక శాన్సూయ్ రిసీవర్ ఉంది. బాబాయి కువైట్ నుంచి తెచ్చింది. స్పీకర్లు పోయి పదేళ్లయింది. కోన్ చుట్టూ ఉండే ఫోమ్ పొడిపొడిగా రాలిపోయింది. నాయన మాత్రం దాన్ని వారం వారం తుడుస్తానే ఉంటాడు.

ఆయన పుట్టినరోజుకి బ్లూటూత్ స్పీకర్ కార్టులో వేశా. అమ్మతో చెప్తే, "ఆ పెట్టెలో వాళ్ల తమ్ముడున్నాడ్రా" అంది. బాబాయి పోయి కూడా పదేళ్లే.

కార్టు ఖాళీ చేసి చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయా. నేను వాట్స్ ఎన్నని అడిగితే, షాపాయన రిసీవర్ వెనకవైపు ఫొటో అడిగాడు. అక్కడ 8 ఓమ్స్ అనుంది. 4 ఓమ్స్‌వి తగిలిస్తే కరెంటు ఎక్కువ లాగి పాత పెట్టె వేడెక్కుద్దట. తర్వాత సెన్సిటివిటీ. 87 డెసిబెల్స్ స్పీకర్ ఇచ్చే సౌండ్‌ని 90ది సగం పవర్‌తోనే ఇస్తుంది. మా చిన్న గదికి బుక్‌షెల్ఫ్ జత చాలు. ఫోమ్ కాకుండా రబ్బరు అంచున్నవి తీసుకున్నా.

ఇంటికొచ్చి తగిలిస్తే బేస్ లేదు! గుండె జారింది. చూస్తే ఒకదానికి ఎరుపు, నలుపు వైర్లు తారుమారు. ఒక కోన్ ముందుకొస్తే ఇంకోటి వెనక్కి పోతోంది. సరిచేసి, ఫోన్‌ని ఆక్స్‌కి కలిపి మన నెల్లూరు బాలు పాట పెట్టా.

నాయన ఏమీ అనలేదు. లేచి వాల్యూమ్ కాస్త పెంచాడు.

"మీ బాబాయి ఇంత పెట్టేవాడు" అన్నాడు.