గోడ మోసిన బరువు

మాది జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాల. కృష్ణా, తుంగభద్రా నదుల నడుమనున్న ఈ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. మా తాతగారు కట్టించిన ఇల్లు రాతిగోడల మట్టిమిద్దె. ముందుగదికి వెనుక, ఒక మందపాటి గోడకు ఆవల వంటిల్లు ఉండేది. కప్పులోని గవాక్షం తప్ప అక్కడ వెలుతురుకు వేరే దారి లేదు. ఆ మసకలోనే మా అవ్వ, ఆమె తరువాత అమ్మ జొన్నరొట్టెలు తట్టారు. గ్యాసు పొయ్యి వచ్చాక పొగ పోయింది గాని, గోడలకు పట్టిన మసి పోలేదు.

ముందుగదిలో నాయన, చుట్టాలు కూర్చుని ముచ్చటించుకునేవారు. గోడకు ఈవల నవ్వులు, ఆవల రొట్టె తట్టే చప్పుడు. వేడివేడి రొట్టె పళ్ళెంలోకి వచ్చేది. దానిని చేసిన చేయి మాత్రం మాకు కనిపించేది కాదు.

ఇల్లు బాగుచేయించే తరుణంలో ఆ గోడను తీసివేసి, రెండు గదులను ఒకటి చేయాలని నేను పట్టుబట్టాను. అమ్మ సంతోషిస్తుందని తలచాను. ఆమె కొంతసేపు మౌనంగా ఉండి, “అలసినప్పుడు కాసేపు కన్ను మూసుకోవడానికి నాకు ఆ చాటు ఒక్కటే ఉంది బిడ్డా” అన్నది. ఆ మాట నన్ను సిగ్గుపడేటట్లు చేసింది. వెనుకగదిలో కిటికీ పక్కన ఆమెకొక మంచం వేయిస్తానని మాట ఇచ్చిన మీదటనే ఆమె ఒప్పుకున్నది.

మేస్త్రీ వచ్చి గోడను పరిశీలించాడు. “ఇది ఉత్త అడ్డుగోడ కాదు సారూ. కప్పు బరువు దీనిమీదనే ఉంది. ముందు దూలమెక్కాలె, ఆ తర్వాతనే గోడ దిగాలె” అన్నాడు. అలాగే కప్పుకింద ఊతకర్రలు నిలిపి, ఇనుప దూలం ఎక్కించి, ఆపైన గోడను విప్పారు.

ఆ రోజులలోనే ఒక విషయం చదివాను. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగర గృహాల కోసం 1926లో మార్గరెటె షూట్టె లిహోట్స్కీ అనే వాస్తుశిల్పి ఒక వంటగదిని రూపొందించారు. గృహిణి నడక తగ్గేటట్లు వస్తువులన్నీ చేతికందే దూరంలో అమర్చారు. శ్రమ తగ్గించాలన్న ఆ ఆలోచన గొప్పదే. అయితే ఆ ఇరుకు గదిలో పనిచేయడానికి ఒక్కరికే చోటు ఉండేది.

మా ఇంట ఇప్పుడు చోటుకు కొదవ లేదు. గోడ పోయిన తరువాత మొదటిసారి అందరం భోజనానికి కూర్చున్నాము. ఒకరికి నీళ్ళు, ఒకరికి పచ్చడి, మరొకరికి రొట్టె అంటూ అమ్మ ఎన్నిసార్లు లేచిందో ఆనాడే మా కంటబడింది. నాయన ఏమీ అనలేదు. తానే లేచి నీళ్ళచెంబు తెచ్చాడు. మరునాటి నుండి నేను రొట్టె తట్టడం నేర్చుకోసాగాను. అంచులు చిట్లిన నా రొట్టెను చూసి అమ్మ పకపక నవ్వింది. ఆ నవ్వు ముందుగదిలో కూర్చున్న అందరికీ వినిపించింది.

గోడను విప్పడానికి ఒక్క పూట పట్టింది. దాని చాటున అమ్మ ఇన్నేళ్ళు మోసిన బరువును పంచుకోవడం మాత్రం మేము ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాము.