చెప్పులూ చిప్పులూ

మాది పుంగనూరు దగ్గర మాదిగపల్లె. నాయిన చెప్పులు కుడతాడు. సావులకీ జాతర్లకీ పలక కొడతాడు. ఆరె, రంపె, గూటం, ఇవే మా ఇంటి ఆస్తి.

మదనపల్లెలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివినా. 'స్కాలర్‌షిప్పోళ్లు లేచి నిలబడండి' అనేవాళ్లు క్లాసులో. లేచేవాళ్లం. అందరూ తిరిగి చూసేవాళ్లు. కుప్పంలో ఇంజనీరింగ్ చేరినా అదే నిలబడ్డం.

కుప్పంలో రైలెక్కితే బెంగళూరు. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అక్కడ డిజైన్ సెంటర్ పెట్టింది. తక్కిన చిప్పుల కంపెనీలు దాని ఎనకాల వచ్చినాయి. అదే ఏడు జూలై 17న కారంచేడులో మా మాదిగోళ్లని ఆరుగుర్ని చంపినారు. ఈ రెండూ ఒకే ఏడాది జరిగినాయని ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు.

ఒక కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది. నాయిన కుట్టిన చెప్పులు రూంలో ఇడిసి, స్నేహితుని బూట్లేసుకుని పోయినా. సెటప్ టైమ్, హోల్డ్ టైమ్ అంటే ఏమని అడిగినారు. ఇంగ్లీషు సరిగా రాక నాలిక తడబడింది. లేచి బోర్డు మీద ఫ్లిప్‌ఫ్లాప్ గీసినా. క్లాకు దెబ్బ పడేముందు కొంతసేపు డేటా కదలకూడదు, అది సెటప్. పడినాక కూడా కొంతసేపు కదలకూడదు, అది హోల్డ్. సెటప్ తప్పితే క్లాకుని నిదానం చేసి చిప్పుని ఎట్టనో వాడుకోవచ్చు. హోల్డ్ తప్పితే ఎంత నిదానం చేసినా బాగుపడదు. పలక దెబ్బకి అడుగు కలిపి పెరిగినోణ్ణి, నాకిది కష్టం కాలేదు. తలలూపినారు.

ఆఖర్న ఒకాయన "మీ ఫాదర్ ఏం చేస్తారు?" అన్నాడు.

"లెదర్ బిజినెస్ సార్" అన్నా.

ప్రైవేటు కంపెనీలో రిజర్వేషన్ లేదు, ఇంక కులం ఎవరడుగుతారు అంటారు. కులమని అడగరు. ఇంటిపేరు అడుగుతారు. ఊర్లో ఏ వీధి అంటారు. తండ్రి పని అడుగుతారు.

ఉద్యోగమొచ్చింది. పని ల్యాబులో. బెంగళూరులో గీసిన చిప్పు తైవాన్‌లో తయారై వస్తుంది. దాన్ని బోర్డు మీద పెట్టి, మైనస్ 40 డిగ్రీల చలిలో, 125 డిగ్రీల వేడిలో పనిచేస్తుందో లేదో చూడాల. ఎన్ని రాత్రులో ఆసిలోస్కోపు ముందరే తెల్లారినాయి.

ఇంటికి పోతే నాయిన అడిగినాడు.

"ఏం జేస్తావురా ఆడ?"

"చిప్పులు నాయినా."

"చెప్పులా? ఈ పని మాన్పించాలని సదివిస్తే, నువ్వూ ఇదేనా!"

అమ్మా నాయినా పగలబడి నవ్వినారు. నేను నవ్వలేకపోయినా.

ఇప్పుడు ఇంటర్వ్యూ చేసే కుర్చీలో నేనూ కూచుంటున్నా. మొన్న ఒక కుప్పం పిల్లోడు వచ్చినాడు. అడిగినదానికల్లా జవాబు చెప్పినాడు. నా పక్కాయన అలవాటుగా "మీ ఫాదర్?" అన్నాడు. పిల్లోడి మొహం మాడిపోయింది. ఆ మొహం నాకు తెలుసు.

"ఈ పనికి ఆ ప్రశ్న అక్కర్లేదు" అన్నా.

"ఊరికే అడిగినా, తప్పేముంది?" అన్నాడాయన.

"నన్నూ ఊరికేనే అడిగినారు. అబద్ధం చెప్పినా. మా నాయిన చెప్పులు కుడతాడు. మేం మాదిగోళ్లం."

ఎవరూ మాట్లాడలేదు. పిల్లోడు మాత్రం తలెత్తి నన్నే చూసినాడు.

ఆ ఒక్క మాట చెప్పేదానికి నాకు పద్నాలుగేండ్లు పట్టింది.