అయిదుకీ ఆరుకీ మధ్య ఓ వేసవి

ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చేశారు. లడ్డూలు పంచేశారు. ‘జూన్‌లో కలుద్దాం’ అని చేతులూపేశారు. మరి ఆ పెద్ద టీచర్ నోటుబుక్కులో ఒక్క గడి మాత్రం ఎందుకు ఖాళీగా ఉండిపోయింది? బాన్సువాడలోని ఓ బాలికల ప్రాథమిక పాఠశాలలో, చదువుల ఏడాది ముగిసే వేళ గడిపిన ఒక రోజు ముచ్చట ఇది.

ఏప్రిల్ నాలుగో వారం. పొద్దున ఏడున్నరకే ఎండ చురుక్కుమంటోంది. యాసంగి కోతల కాలం కదా... బాన్సువాడ రోడ్ల మీద ఎటు చూసినా వరికోత యంత్రాలు, వాటి వెనకే వడ్ల ట్రాక్టర్లు. కాస్త జాగా దొరికిన చోటల్లా వడ్లు ఆరబోశారు. ఆ వడ్ల కుప్పల పక్కనుంచే గబగబా నడిచిపోతున్నారు ఆడపిల్లలు. ఒంట్లో యూనిఫాం లేదు. పట్టు లంగాలు, తళుకుల గౌన్లు, చేతినిండా గాజులు, జడల్లో మల్లెపూలు. భుజాన సంచి కూడా లేదు!

‘పుస్తకాల్లేవా?’ అంటే ఓ చిన్నారి నన్ను జాలిగా చూసింది. ‘ఇయ్యాల చదువు లేదు మేడం. అయిదో తరగతి అక్కలకు పార్టీ ఉంది’ అంటూ ముందుకు ఉరికింది. ఆమె వెనకే నేనూ బడి గేటు దాటాను.

చీరే తెర... అరుగే వేదిక

వరండా అరుగే వేదిక. వెనక రెండు కిటికీ ఊచలకు కట్టిన చీరే తెర. వేపచెట్టు నీడలో పరిచిన పట్టాల మీద పిల్లలు, గోడవారగా కుర్చీల్లో అమ్మలు. కొందరు నాయనమ్మలూ వచ్చారు. ‘హలో... మైక్ టెస్టింగ్’ అనేందుకు నాలుగో తరగతి పిల్లల్లో పెద్ద పోటీయే నడిచింది. పార్టీ ఇచ్చేది వాళ్లే మరి! ఇంటింటి నుంచి తెచ్చిన పది రూపాయలకు టీచర్లు తలా కొంత కలిపితే లడ్డూ, మిక్చర్, చల్లని షర్బత్ వచ్చాయి.

ముందుగా బతుకమ్మ ఆట. తర్వాత బంజారా దుస్తుల్లో తండా పిల్లల నృత్యం. మధ్యలో ఓ నాటిక... అందులో టీచర్ వేషం వేసిన పిల్ల అచ్చం వాళ్ల లెక్కల టీచర్‌లాగే కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, ‘ఎక్కాలు రానోళ్లు లేచి నిలబడండి’ అనేసరికి నవ్వులే నవ్వులు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆ లెక్కల టీచరే.

ఆ ముంగిట్లో వినిపించే భాషలే ఈ ఊరి చరిత్ర చెప్పేస్తాయి. పాఠం తెలుగులో, ఇంగ్లిష్‌లో. పక్క పిల్లతో గొడవ ఉర్దూలో. చెల్లెలికి బుజ్జగింపు లంబాడీలో. మహారాష్ట్ర, కర్ణాటకలు ఎంతో దూరంలో లేవు కాబట్టి మరాఠీ, కన్నడ మాటలూ అక్కడక్కడా దొర్లుతుంటాయి.

నీళ్లొచ్చాక...

బాన్సువాడ గురించి చెప్పాలంటే నీళ్ల గురించి చెప్పాల్సిందే. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలుపెట్టి 1931లో ముగించారు. ఆ పనుల వెనక ఉన్న ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆ కాలవల నీళ్లే ఈ చుట్టుపక్కల నేలను వరి పొలాలుగా మార్చాయి. నీళ్లను వెతుక్కుంటూ కోస్తా జిల్లాల నుంచి రైతులొచ్చి స్థిరపడ్డారు. అందుకే ఈ ప్రాంతంలో చాలా ఊళ్ల పేర్ల చివర ఇప్పటికీ ‘క్యాంపు’ అని ఉంటుంది. 2016 అక్టోబరులో జిల్లాలు మారినప్పుడు బాన్సువాడ నిజామాబాద్ నుంచి కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది. 2018లో పురపాలక సంఘమైంది.

అక్కడ నిజాంసాగర్ గోడ లేస్తున్న రోజుల్లోనే, 1928లో, హైదరాబాద్‌లో మాడపాటి హనుమంతరావు తెలుగులో చదువు చెప్పే ఆడపిల్లల బడి పెట్టారు. ఉర్దూ రాజభాషగా ఉన్న సంస్థానంలో అదొక సాహసం. అయితే కాలవ నీళ్లు పారినంత వేగంగా అక్షరాలు పారలేదు. 2011 జనాభా లెక్కలనాటికి కూడా ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో చదవడం, రాయడం వచ్చిన మహిళలు సగం కంటే కాస్త ఎక్కువ... అంతే! ఆ రోజు బడికి వచ్చిన అమ్మల్లో ఇద్దరు ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్ర వేయడం నేను చూశాను. ఒకామె వేలికి అంటిన సిరాను కొంగుకు తుడుచుకుంటుంటే కూతురు ఆ కార్డు మీద ఉన్న మార్కుల్ని గట్టిగా చదివి వినిపిస్తోంది.

ఆ నోటుబుక్కు

బహుమతులు ఇవ్వడం మొదలైంది. ఆటలకు స్టీలు గిన్నెలు, చదువుకు జామెట్రీ బాక్సులు. అన్నిటికంటే ఎక్కువ చప్పట్లు మాత్రం ‘ఒక్కరోజూ బడి మాననందుకు’ ఇచ్చిన బహుమతికి. అది అందుకున్న పిల్ల రెండు జడల అయిదో తరగతి అమ్మాయి. చంకలో ఏడాదిన్నర తమ్ముణ్ని ఎత్తుకునే వేదిక ఎక్కింది. ‘అమ్మ కూలికి పోతది మేడం. తమ్మున్ని ఏడ వదులుతం? అందుకే వాణ్ని ఎత్తుకొనే వస్తది. మేమూ ఏమనం’ అన్నారు నా పక్కన కూర్చున్న ప్రధానోపాధ్యాయురాలు. పిల్లలంతా ఆమెను పెద్ద టీచర్ అంటారు.

అప్పుడే చూశాను ఆమె ఒళ్లో ఉన్న నోటుబుక్కు. స్కేలుతో గీసిన గళ్లు. ఎడమ పక్క అయిదో తరగతి పిల్లల పేర్లు, మొత్తం పద్దెనిమిది. కుడి పక్క ‘ఆరో తరగతి ఎక్కడ?’ అని రాసి ఉంది. పదిహేడు గళ్లలో ఏదో ఒక బడి పేరుంది. ఒక్కటి ఖాళీ. అది రెండు జడల పిల్లదే!

‘ఒక్కరోజూ మానని పిల్ల కదా?’ అన్నాను నమ్మలేక.

‘ఈ బడి వాళ్లింటికి నాలుగడుగులు. హైస్కూలు కొంచెం దూరం. తమ్మున్ని ఆడికి ఎట్ల తీస్కపోతది? పైగా పెద్దగైంది, ఇంటిపట్టున ఉంటే బీడీలన్న చుట్టొచ్చు అంటున్నది వాళ్ల నాయనమ్మ’ అన్నారామె నెమ్మదిగా.

అయిదో తరగతి దాకా ఆడపిల్ల చదువుకు అడ్డుచెప్పే ఇళ్లు ఇప్పుడు తక్కువే. చిక్కంతా ఆ తర్వాతే. బడి మారాలి, దారి మారాలి, కొత్త టీచర్లు, కొత్త స్నేహాలు. మధ్యలో దాదాపు యాభై రోజుల వేసవి. ఇంట్లో పని అలవాటవడానికి, ‘ఇక చాల్లే’ అనే మాట గట్టిపడటానికి ఆ యాభై రోజులు చాలు. ప్రైమరీ బడి వదిలేటప్పుడు పిల్లలకిచ్చే కాగితాన్ని ‘రికార్డు షీటు’ అంటారు. హైస్కూలు వాళ్ల టీసీ లాంటిదన్నమాట. అది చేతికిచ్చాక పాత బడి లెక్కలో ఆ పిల్ల ఉండదు. కొత్త బడి చేర్చుకునే దాకా అక్కడా ఉండదు. విద్యాశాఖ ఆన్‌లైన్ లెక్కల్లో ఈ మధ్యకాలానికి ఓ పేరు కూడా ఉంది... ‘డ్రాప్ బాక్స్’!

అందుకే పెద్ద టీచర్ ఓ పద్ధతి పెట్టుకున్నారు. రికార్డు షీట్లు ఏప్రిల్‌లో ఇంటికి ఇవ్వరు. ఫైల్లో ఉంచి, జూన్‌లో బడులు తెరిచాక పిల్లల్ని వెంటబెట్టుకుని హైస్కూలుకు నడిపించుకెళ్లి అక్కడే అందిస్తారు. ‘పెళ్లి చేసి అత్తారింటికి పంపుతలేమా? అట్లనే ఇది కూడా’ అని నవ్వారు. ముందుగా కావాలన్న వాళ్లకు మాత్రం అడిగిన రోజే ఇచ్చేస్తారు. నిజానికి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వయసు పిల్లల పక్షాన గట్టిగా నిలబడింది. టీసీ ఆలస్యమైందన్న సాకుతో ప్రభుత్వ బడి ఎవరినీ చేర్చుకోకుండా ఉండకూడదు. ఆ సంగతి చాలామంది తల్లులకు తెలియదు. అందుకే ఆ రోజు మైకు పట్టుకుని ఆమె మొదట చెప్పింది అదే.

జూన్ 12 తర్వాత

తెలంగాణలో సాధారణంగా జూన్ 12న బడులు తెరుచుకుంటాయి. దానికి ముందే ‘బడిబాట’ పేరుతో టీచర్లు ఇల్లిల్లూ తిరుగుతారు. ఈ బడి టీచర్లకు రెండు బెంగలు. ఒకటి, ఒకటో తరగతిలోకి పిల్లలు రావడం. రెండోది, నాలుగో తరగతి పిల్లలు నిలవడం. గురుకులాల్లో ప్రవేశం అయిదో తరగతిలోనే కాబట్టి చురుకైన పిల్లలు నాలుగు కాగానే పరీక్ష రాసి వెళ్లిపోతారు. ఉన్న పిల్లల్లో కొందరు అయిదో తరగతిలో నవోదయ పరీక్ష రాస్తారు. నవోదయ విద్యాలయం దగ్గర్లోని నిజాంసాగర్‌లోనే ఉంది. కానీ ఆరో తరగతిలో ఉండేది మహా అయితే 80 సీట్లు. అందులో మూడో వంతు ఆడపిల్లలకు. ‘సీటొస్తే సంతోషమే. క్లాసు ఖాళీ అయితే బాధే. రెండూ ఒకసారే వస్తయి’ అన్నారో టీచర్.

మార్పులూ చాలానే ఉన్నాయి. 2022-23 నుంచి రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8 తరగతుల దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్. ఆ ఏడాది ఒకటో తరగతిలో చేరిన పిల్లలు 2026-27లో అయిదో తరగతి చదువుతారు. అంటే, మొదటి రోజు నుంచీ ఇంగ్లిష్ మీడియంలో చదివి ప్రైమరీ ముగించే తొలి జట్టు వాళ్లదే. 2024లో మహిళా సంఘాల సభ్యులతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పాటయ్యాయి. మంచినీళ్లు, మరుగుదొడ్లు, కరెంటు లాంటి పనులు వాటి చేతికొచ్చాయి. 2025-26లో రాష్ట్రంలో కొన్ని ప్రభుత్వ బడుల్లో పూర్వ ప్రాథమిక తరగతులు మొదలయ్యాయి. తమ బడికీ అది రావాలని ఇక్కడి టీచర్ల కోరిక. ఎందుకంటే...

‘చిన్నపిల్లలకు ఈడ తరగతి ఉంటే ఆ తమ్ముడు రేపు ఇక్కడనే కూసుంటడు. అక్క నిమ్మళంగా హైస్కూలుకు పోతది’ అన్నారు పెద్ద టీచర్. ఒక తరగతి వస్తే చదువు మొదలయ్యేది చిన్నపిల్లలకే కాదు, ఆగిపోకుండా సాగేది వాళ్ల అక్కలకు కూడా అన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

పెన్సిల్ రాత

మధ్యాహ్నం పన్నెండున్నర. పిల్లలు అన్నం తిని, చేతులు కడుక్కుని, టీచర్లను చుట్టేశారు. అయిదో తరగతి వాళ్లు కొందరు వెక్కివెక్కి ఏడుస్తున్నారు. రెండు జడల పిల్ల ఏడవలేదు. తమ్ముడి చేతిలో లడ్డూ పెట్టి, బహుమతిగా వచ్చిన పెట్టెను రెండుసార్లు తెరిచి మూసింది. పెద్ద టీచర్ వాళ్లమ్మను పక్కకు పిలిచి చాలాసేపు మాట్లాడారు. ఆరో తరగతి నుంచి ఆడపిల్లలు హాస్టల్లో ఉండి చదువుకునేలా 2004లో మొదలైన కస్తూర్బా విద్యాలయాల గురించీ చెప్పారు. ఆ తల్లి ‘చూస్తం మేడం’ అంది. అవుననీ కాదు, కాదనీ కాదు.

జూన్ మూడో వారంలో ఫోన్ చేశాను. అవతల పిల్లల గోల.

‘గడి నిండింది మేడం! నాలుగుసార్లు పోయిన వాళ్లింటికి. నాయనమ్మే తమ్మున్ని చూస్కుంటనన్నది. హైస్కూల్ల చేర్చి వచ్చిన’ అన్నారు పెద్ద టీచర్.

సంబరపడి అభినందనలు చెప్పబోతుంటే ఆమే ఆపారు.

‘పెన్సిల్‌తోనే రాసిన. దసరా సెలవులైనంక కూడా బడికి పోతున్నదంటే, అప్పుడు పెన్నుతోటి దిద్దుత.’